కడిగిన రాయి

మొన్న ఆదివారం కల్లూరులో మా ఇంటి పెరట్లో, మనవడి భార్య పనిమనిషి చేత పాతకాలపు రుబ్బురోలు కడిగిస్తూ ఉండింది. ఆ రోలు పాతికేళ్లుగా గోడపక్కన మట్టి కొట్టుకొని, కాకులకు నీళ్లతొట్టిగా ఉద్యోగం చేసుకుంటూ ప్రశాంతంగా ఉన్నది. ఇప్పుడు దాన్ని ముందుగదిలో పెట్టి అందులో ఏదో తీగమొక్క పెంచుతారట. నన్ను ముందుగదిలో కూర్చోబెట్టి నెత్తిమీద మొక్క పెంచనంత వరకు ఈ వయసులో నాకు దేనిమీదా అభ్యంతరం లేదు. కానీ ఆ పనిమనిషి కొబ్బరిపీచు నీళ్లలో ముంచి రాతిమీద బరబరా రుద్దడం మొదలుపెట్టగానే, వరండాలో పేపరు చదువుకుంటున్న నాకు వీపు జలదరించింది. లేచి వెళ్లి, చాలు లేమ్మా, కొంచెం మురికి ఉండనీ అన్నాను. మనవడి భార్య నన్ను చూసిన చూపులో గౌరవం కొంచెం, డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకుపోవాలన్న ఆలోచన మరికొంచెం కనిపించాయి.

ఆ పిల్లకు చెప్పినా అర్థం కాదు. నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు. తడిపీచు రాతిమీద గీసుకునే ఆ చప్పుడు యాభై ఏళ్లకు పైగా నా చెవిలో ఉన్నది. అది నేనే చేసిన చప్పుడు కనుక ఎవరినీ తిట్టడానికి కూడా వీలు లేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ప్రభుత్వంలో ఒక భాగం డేరాల్లో కాపురముండేది. గట్టిగా గాలి వీస్తే గుమాస్తాలు గుంజలు పట్టుకొని నిలబడేవారని చెప్పుకునేవాళ్లం. చరిత్ర చదివి బి.ఏ. ప్యాసయిన వాడికి చరిత్రలో తప్ప మరెక్కడా చోటు దొరకదని నాకు అప్పుడే తెలిసింది. మా మేనమామ ఆ డేరాల్లో ఎవరినో పట్టుకొని, పాత రాళ్లనూ శాసనాలనూ చూసుకునే ఒక శాఖలో నాకు తాత్కాలికపు ఉద్యోగం వేయించాడు. దాని అసలు పేరు శానా పొడుగు. పల్లెల్లో మాత్రం మమ్మల్ని రాళ్లాఫీసోళ్లనేవారు. అంతకంటే సరైన పేరు ప్రభుత్వానికి కూడా తోచలేదు.

కొత్త రోడ్డు వేయబోయే చోట, వంకల మీద వారధి కట్టబోయే చోట, కూలీలు రాకముందే ఆ దారి పొడవునా నడవడం మా పని. పాడుబడ్డ గుళ్లు, పోరులో పడినవాళ్ల పేరున నిలిపిన వీరగల్లులు, రాకాసిగుళ్లని జనం చెప్పుకునే ఆదికాలపు సమాధులు ఏవేవి ఎక్కడెక్కడున్నాయో కొలతలతో జాబితా రాసి పైకి పంపాలి. పంపిన జాబితా చూసి రోడ్డును పక్కకు జరుపుతారా సార్ అని మా ఆఫీసరుగారిని ఒకసారి అడిగాను. ఆయన కోస్తా మనిషి, సన్నగా గొడుగుకర్రలా ఉండేవారు, మా దుమ్ముకు తప్ప దేనికీ జంకేవారు కాదు. జాబితా చూస్తారని నీకెవరు చెప్పారన్నట్టు నవ్వి ఊరుకున్నారు.

నేను మాత్రం అన్నిటికీ జంకేవాణ్ణి. రాతిపలక ఎత్తితే కింద తేలు ఉంటుందేమోనని భయం, సమాధిలో ఎముకలు ఉంటాయేమోనని భయం, ఏమీ లేకపోతే ఆఫీసరుగారు ఏమంటారోనని భయం. ఈ మూడు భయాల నడుమ నెలకు ఇరవై రోజులు ఎండలో నడుస్తూ, జీవితం ఒక మోస్తరుగా సాగిపోతున్నదనే అనుకునేవాణ్ణి.

అట్లా నడుస్తూ నడుస్తూ ఒక ఎండాకాలం మా పెద్దమ్మ ఊరు చేరాను. కడప జిల్లాలో, వానొస్తే తప్ప నీళ్లు కనపడని ఒక వంక కుందూ నదిలో కలిసే దగ్గర ఉండేదా ఊరు. ఆ వంక మీద వారధి కట్టడానికి రాళ్లు కొట్టే గుంపు ఒకటి అప్పటికే గుడిసెలు వేసుకొని దిగింది. అంటే మేము వాళ్లకంటే ముందు రావలసినవాళ్లం, వాళ్ల తర్వాత వచ్చాం. ప్రభుత్వంలో అది పెద్ద ఆలస్యం కింద లెక్క కాదు. మా ప్యూను కడపలో జ్వరంతో పడుకోవడంతో నేనొక్కణ్ణే వచ్చి, పెద్దమ్మ ఇంట్లోనే దిగాను.

ఆ ఇంట్లో అప్పుడు పెద్దమ్మ కూతురు, మా అక్క, పురిటికి వచ్చి ఉన్నది. నాకంటే ఐదేళ్లు పెద్దది. నా చిన్నతనంలో మా అమ్మ జబ్బుపడినప్పుడు నన్ను రెండేళ్లు చంకనేసుకొని తిప్పింది ఆమే; నాకు చెప్పులు వేసుకోవడమూ, అబద్ధమాడటమూ రెండూ ఆమే నేర్పింది. పెళ్లయిన పదేళ్లకు నిలిచిన కడుపు అది. పెద్దనాన్న పోయి అప్పటికి చాలా ఏళ్లయింది, వేరే బిడ్డలు లేరు. పెద్దమ్మ ఆ కూతురు కూర్చుంటే భయం, లేస్తే భయం, దగ్గితే భయంగా బతుకుతూ ఉండేది. ఆ ఇంట్లో పిరికితనంలో నాకు రెండో స్థానమే దక్కింది.

ఊరి బయట వంకగట్టున, తుమ్మకంప మధ్య, రొమ్ముదాకా వచ్చే ఒక నాపరాయి నిలిపి ఉండేది. అది ఆ ఇంటి పేరంటాలమ్మ. ఏనాటిదో, మొగుడితోపాటు చితి ఎక్కిన ఒక కోడలి పేరున నిలిపిన రాయి. తానే ఎక్కిందో, వాళ్లే ఎక్కించారో ఇటువంటి రాళ్లు చెప్పవు. తరతరాలుగా ఆ ఇంటివాళ్లు దానికి జాజు అనే ఎర్రమట్టి పూసి, నూనె పోసి, పసుపు మెత్తి, గాజులు కట్టి, చివరికి ఆ రాయి ఆకారమే తెలియకుండా వేలెడు మందాన ఎర్రటి పెచ్చు కట్టించారు. ఆ పెచ్చు కింద గోటితో తడిమి చూస్తే అక్షరాలు తగిలాయి నాకు. చరిత్ర చదివిన వాడి గోటికి అక్షరం తగిలిందంటే వాడింక ఎవరి మాటా వినడు.

శాసనానికి నకలు తీసే పద్ధతి ఇది: రాతిని పీచుతో శుభ్రంగా కడగాలి, తడిపిన కాగితం దానికి అతికించాలి, బ్రష్షుతో కొట్టి కొట్టి కాగితాన్ని అక్షరాల గుంతల్లోకి దించాలి, పైన సిరా అద్దాలి. అక్షరాలు తెల్లగా, మిగతాదంతా నల్లగా వస్తుంది. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది కడగడం. పెద్దమ్మను అడిగితే ఏమంటుందో తెలుసు కనుక అడగలేదు. మంగళవారం నాడు మిట్టమధ్యాహ్నం, ఊరంతా తలుపులు వేసుకొని పడుకున్న వేళ, వంక ఇసుకలో తవ్విన చెలమలోంచి కడివెడు నీళ్లు మోసుకుపోయి, రాతికి కట్టిన పాత గాజులు విప్పి సంచిలో వేసుకొని, పీచు ముంచి రుద్దడం మొదలుపెట్టాను.

ఎర్రటి నీళ్లు కారి నా కాళ్ల కింద మడుగు కట్టాయి. అది జాజు అని తెలుసు, అయినా కాళ్లు వెనక్కి తీసుకున్నాను. ఒక పొర పోతే ఇంకొక పొర, ఎన్ని తరాల పురుళ్ల మొక్కులో ఆ రాయి మీద ఉన్నాయి. చివరికి ఒక చెయ్యి బయటపడింది. మోచేతి దాకా గాజులున్న ఆడమనిషి కుడిచెయ్యి, ఆగమన్నట్టు పైకెత్తి ఉన్నది. దాని పక్కన చిన్న ముఖం. నూరేళ్లలో ఆ ముఖాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అనిపించి కాసేపు గర్వపడ్డాను. ఆ తర్వాత ఆ ముఖం కూడా నన్నే చూస్తున్నదని తోచి, మిగతా పని తల వంచుకొని చేశాను.

అక్షరాలు కింది సగంలో మూడు వరుసలున్నాయి. నకలు చక్కగా వచ్చింది. ఫలానావారి కూతురు, ఫలానావారి కోడలు అన్నంతవరకు చదవగలిగాను. ఆమె పేరున్న చోట రాయి అరిగిపోయింది.

ఆ సాయంత్రమే మళ్లీ జాజు పూసేయాలనుకున్నాను, నన్ను నమ్మండి. కానీ పొద్దు వాలకముందే, మంగళ, శుక్రవారాల్లో మాత్రమే చుట్టుదారిన వచ్చే బస్సు డ్రైవరు చేత ఆఫీసరుగారు చీటీ పంపారు. శుక్రవారం కెమెరా తీసుకొని వస్తున్నాను, శాసనాలేమైనా ఉంటే కడిగి ఉంచు, అక్షరాలు స్పష్టంగా కనపడాలి అని. ఒకవైపు పేరంటాలమ్మ, ఒకవైపు ఆఫీసరుగారు. నాకు జీతం ఇప్పించేది ఆఫీసరుగారు. రాతిని కడిగినది కడిగినట్టే వదిలేశాను. మూడు రోజుల్లో ఆ వైపు ఎవరు పోతారులే అనుకున్నాను.

బుధవారం తెల్లారుతుండగానే అక్కకు నొప్పులు మొదలయ్యాయి. సాయంత్రానికి మంత్రసాని ముఖం మారింది. బిడ్డ అడ్డం తిరిగిందన్నది. పట్నం నుంచి నర్సమ్మను తీసుకురావడానికి బండి కట్టించి పంపారు గానీ, ఆ దారిలో బండి పోయి రావడమంటే ఒక పగలూ ఒక రాత్రి. ఏ రోడ్డు వేయడానికి ముందు నేను రాళ్లు లెక్కబెడుతున్నానో ఆ రోడ్డే ఉండి ఉంటే రెండు గంటల్లో డాక్టరు వచ్చేవాడన్న సంగతి, ఆ అరుపులు వింటూ అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది. గురువారం పొద్దెక్కేసరికి అక్క అరుపుల్లో బలం తగ్గింది. అరిచినప్పటికంటే అప్పుడే ఎక్కువ భయమేసింది.

మధ్యాహ్నం పెద్దమ్మ ఒక చిన్న బుట్ట నా చేతికిచ్చింది. అందులో జాజు, నూనె, పసుపుదారానికి గుచ్చిన పచ్చగాజులు.

"ఒరేయ్, దానికి తమ్ముడంటే నువ్వే. పేరంటాలమ్మకు జాజు పూసి గాజులు కట్టు. ఆ జాజు వేలికంటించుకొని రా, దాని నొసట పెట్టాల. అంతవరకూ బిడ్డ తిరగదు. పొయ్యేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ ఎవురితోనూ మాట్లాడొద్దు. నోరు తెరిస్తే మొక్కు పలకదు, ఇనపడిందా?"

లోపలి నుంచి అక్క గొంతు వచ్చింది. "బిరబిరా రారా నాయనా. నా చేత గాదింక."

నేను దేవుణ్ణి నమ్మనని కాలేజీలో రెండుసార్లు ఉపన్యాసమిచ్చినవాణ్ణి. బుట్ట పట్టుకొని, నోరు గట్టిగా మూసుకొని, పరుగెత్తాను. కడిగిన రాయిని ఎవరూ చూడకముందే ఎర్రగా పూసేయవచ్చు, ఒక్క రాయితో మొక్కూ పాపమూ రెండూ తీరిపోతాయి అన్న ఆలోచన కూడా దారిలో వచ్చింది, దాచడమెందుకు.

వంకగట్టుకు చేరి చూస్తే రాయి లేదు.

తుమ్మకంప ఉన్నది. నేను పారబోసిన ఎర్రనీళ్లు ఇంకిన మరక ఉన్నది. రాయి ఉన్న చోట నడుములోతు గుంత, దాని పక్కన ఇనుపగడారితో తవ్విన గుర్తులు, బండిచక్రాల జాడ. ఆ గుంత అంచున నిలబడి నేను ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తు లేదు. గుంతలోకి వంగి చూశాననుకుంటాను, రొమ్మెత్తు రాయి అడుగున ఎక్కడో పడి ఉంటుందన్నట్టు. ఎండలో చెమట చల్లగా కారడం ఆ రోజే మొదటిసారి తెలిసింది. గట్టిగా అరవాలనిపించింది. అరవకూడదు కదా, మొక్కు పలకదు. నమ్మనివాడు నోరు మూసుకొని ఎందుకున్నాడని మీరు నన్ను అడగవచ్చు. అక్క అరుపు ఆగిపోతుందేమోనన్న భయంలో ఉన్నవాణ్ణి ఆ ప్రశ్న ఎవరూ అడగకూడదు.

చక్రాల జాడ పట్టుకొని వారధి దగ్గరికి పోయాను. అక్కడ గుంపువాళ్లు అప్పుడే సంగటి తిని, పందిరి నీడన కూర్చున్నారు. నడివయసు మేస్త్రీ నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా రాళ్లాఫీసు సామీ, ఇంత ఎండలో యాడికి?"

నేను మాట్లాడలేదు.

"ఏమి సామీ, నోట్లో వక్కాకు ఉండాదా?"

ఆడవాళ్లలో ఎవరో నా చేతిలో బుట్ట చూసి, "గాజులు తెచ్చినాడమ్మో, మనల్ని పేరంటానికి పిలుస్తాండాడు" అన్నది. అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు, కదలలేదు. బుట్ట కింద పెట్టి, చూపుడువేలితో ఇసుకలో ఒక నిలువు రాయి గీశాను. దాని మీద పైకెత్తిన చెయ్యి గీశాను. చేతికి గాజులు గీశాను. నాకు బొమ్మలు వేయడం రాదు, ఆ రోజు మాత్రం వచ్చింది.

ముందుగా నవ్వు ఆపింది మేస్త్రీ భార్య. బుట్టలోని జాజును చూసింది, ఇసుకలో బొమ్మను చూసింది, నా ముఖం చూసింది.

"ఎవురికప్పా పురుడు?"

ఊరివైపు చెయ్యి చూపించాను.

"ఆ వంకగట్టు రాయి గురించా నువ్వు అడిగేది?"

తల ఊపాను.

మేస్త్రీ ముఖంలో నెత్తురు ఇంకిపోవడం నేను కళ్లారా చూశాను. నల్లటి మనిషి బూడిదరంగుకు తిరిగాడు. "సామీ, అది ఉత్త రాయి గదా! పసుపు ల్యా, జాజు ల్యా, గాజుముక్క గూడా ల్యా. జాజు పూసిన రాయి ముట్టేవాడు మా గుంపులో ఒక్కడు గూడా ల్యాడు, ఆకలికి సచ్చినా ముట్టం. అది కడిగిన రాయి. నున్నగా మిలమిలా మెరస్తా ఉన్నింది. బొమ్మ చెక్కిన పాతరాళ్లు ఈ కంపల్లో యాడ జూసినా ఉండేవే గదా, ఎవురికీ అక్కర లేని రాయనుకొని..."

"కడిగిందెవురు?" అని ఆమె మధ్యలోనే అడిగింది. భర్తను కాదు, నన్ను.

నా రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాను. నా బతుకులో ఆ తప్పును నేను ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. అది కూడా నోరు విప్పకుండానే.

కొడతారేమోననుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆమె అక్కడే ఇసుకలో చతికిలబడింది. "నా కోడలు గూడా నిండునెలల మనిషప్పా. ఆ గుడిసెలో పండుకోనుండాది. నువ్వు మీ ఇల్లే గాదు, మా ఇల్లు గూడా ముంచితివి గదప్పా." తిట్టు లేదు, శాపనార్థం లేదు, గొంతు కూడా లేపలేదు. పందిరి కింద ఇరవై మంది ఉన్నారు. ఒక్కరూ కదలలేదు. ప్రభుత్వం అంటే భయపడని వాళ్లు, మందు దట్టించి కొండను పేల్చేవాళ్లు, గాజులబుట్ట చూసి భయపడుతున్నారు.

రాతిని ఆ పొద్దునే నడుముకు చీల్చారట. కింది సగం అప్పటికే వారధి పునాదిలో పడి, దాని మీద ఇంకొక వరుస కూడా లేచింది. పై సగం ఇంకా కుప్పలో బోర్లా పడి ఉన్నది. నలుగురు కలిసి దాన్ని తిప్పారు. పైకెత్తిన చెయ్యి, చిన్న ముఖం, చెక్కు చెదరలేదు. అక్షరాలు మాత్రం లేవు. అవి పునాదికి పోయాయి.

మేస్త్రీ దాని మీది మన్ను అరచేత్తో తుడిచాడు. ఆ తర్వాత బండి తెమ్మన్నాడు. నాతో, తలెత్తకుండా, "పైది ఉండాది సామీ. చెయ్యి ఉండాది, మొగం ఉండాది. కిందిది మన్నులో ఉండేదే గదా, ఎప్పుడూ కనపడేది గాదు గదా" అన్నాడు. కింది సగంలో సగం ఎప్పుడూ కనపడేదేనని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరికీ మాట్లాడే ధైర్యం లేదు. నాకైతే అనుమతి కూడా లేదు.

ఎండ నిప్పులు చెరుగుతున్నది కనుక వంకగట్టు వైపు మనిషి అలికిడి లేదు. గుంతలో సగం మన్ను పోసి, రాతిని నిలిపి, చుట్టూ కాళ్లతో తొక్కి గట్టిచేశారు. నేను జాజు కలిపి పూశాను. తొందరపడటం వల్ల పని బాగా కుదిరింది, పాతకాలపు పూతలాగే ఎగుడుదిగుడుగా వచ్చింది. గాజులు కట్టాను. మేస్త్రీ భార్య తన చేతికున్న రెండు గాజులు తీసి, కోడలి పేరు చెప్పుకొని, నా గాజుల పక్కన పెట్టింది. మొదట రొమ్ముదాకా ఉండిన అమ్మ ఇప్పుడు నా తొడదాకా ఉన్నది.

వేలికి జాజు అంటించుకొని, ఆ వేలిని ముందుకు చాచి పట్టుకొని ఊళ్లోకి పరుగెత్తాను. వీధి మొదట్లో ఆగిపోయాను. ఇంట్లోంచి చప్పుడు లేదు. రెండురోజులుగా వీధి చివరిదాకా వినబడిన అరుపు లేదు. అరుగు మీద నలుగురు ఆడవాళ్లు తల వంచుకొని కూర్చున్నారు. ఆ పాతిక గజాలూ నేనెట్లా నడిచానో నాకు తెలియదు. చేతివేలు మాత్రం ముందుకు చాచే ఉన్నది. చిన్నపిల్లవాడు గాయం చూపించడానికి పోతున్నట్టు.

లోపల నర్సమ్మ ఉన్నది. నేను గుంపు దగ్గర ఉన్నప్పుడే బండి వచ్చిందట. ఎవరూ కిక్కురుమనకూడదని కసిరి, లోపల ఏదో ప్రయత్నం చేస్తున్నదట. పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి, నా వేలు పట్టుకొని, దాని మీది జాజును తన వేలికి తీసుకొని లోపలికి పోయింది. అరగంటకో గంటకో బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. ఆ తర్వాత అక్క గొంతు వినబడింది, నీళ్లడుగుతూ. బిడ్డ నర్సమ్మ చేతివల్ల తిరిగిందా, నా వేలివల్ల తిరిగిందా అన్న వివాదంలోకి నేను దిగను. నర్సమ్మ చెయ్యే అయి ఉంటుంది. కానీ ఆ సంగతి నేను ఎండలో కూర్చొని, మోకాళ్ల మధ్య తల పెట్టుకొని ఏడవడం అయిపోయిన తర్వాత ఆలోచించాను.

పాపం అక్కడితో తీరలేదు. మరునాడు పొద్దున ఎవరో ఆడవాళ్లు మొక్కు చూసిరావడానికి వంకగట్టుకు పోయి, పరుగున తిరిగి వచ్చారు. ఊరంతా కదిలింది. సరిగ్గా ఆ వేళకే బస్సులోంచి గొడుగూ కెమెరా పట్టుకొని మా ఆఫీసరుగారు దిగారు. జనాన్ని దాటుకొని ఆయన రాయి దగ్గరికి పోయేసరికి, దాని చుట్టూ కొబ్బరికాయలు పగులుతున్నాయి.

ఆయన నా కొలతల పుస్తకం తీసుకున్నారు. అందులో మంగళవారం నా చేతిరాతతోనే ఎత్తు రాసి ఉన్నది. టేపు తీసి రాతిని కొలిచారు. మళ్లీ కొలిచారు. తడి ఆరని జాజు చూశారు, రాతిచుట్టూ కొత్తగా తొక్కిన మన్ను చూశారు, నన్ను చూశారు. నా ఉద్యోగం, పరువు, బహుశా ప్రాణం, ఆయన నోట్లోంచి రాబోయే మాట మీద ఉన్నాయి. చుట్టూ మూడువందల మంది ఉన్నారు. ఆ మూడువందల మందికీ నేను రాతిని కడిగానని తెలిస్తే, నాకు ఊరి పొలిమేర దాటే యోగం ఉండేది కాదు.

అంతలో ఒక ముసలాయన ముందుకు వచ్చాడు. "కొలుచుకో సారూ, బాగా కొలుచుకో. నిన్నటిదాకా రొమ్మెత్తు ఉన్నింది. ఆ పిల్ల నొప్పులు తాను పట్టుకొని మూరెడు పైగా బూమిలోకి దిగింది మా అమ్మ. రాసుకో, మీ గవర్నమెంటుకు గూడా తెలియాల."

ఆఫీసరుగారు ఆ ముసలాయనను చూశారు, జనాన్ని చూశారు. దుమ్ముకు తప్ప దేనికీ జంకని మనిషి ఆ రోజు మొదటిసారి నెమ్మదిగా టేపు చుట్టేశారు. జేబులోంచి పెన్ను తీసి, ఆ ముసలాయన చెప్పినదంతా, స్థానికుల కథనం అని రాసుకున్నారు. తిరుగు బస్సులో ఆయన నా కొలతల పుస్తకం తన దగ్గరే ఉంచుకున్నారు. కడపలో దిగేముందు, చరిత్ర ఎట్లా పుడుతుందో మీ కాలేజీలో చెప్పి ఉండరు, ఇవాళ చూశావు కదా, ఇంక నువ్వు వేరే ఉద్యోగం చూసుకోవడం మంచిది అన్నారు. మరుసటి ఏడు బడిపంతులుగా చేరాను. అక్షరాలు రుద్దించడమే తప్ప కడగడం ఉండని ఉద్యోగం.

మేస్త్రీ కోడలికి ఆ తర్వాత పదిరోజులకు మగపిల్లవాడు పుట్టాడని, తల్లీబిడ్డా బాగున్నారని పెద్దమ్మ ఉత్తరం రాయించింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టింది. వారధి పూర్తయింది. దాని మీదుగా బస్సులో పోయినప్పుడల్లా కింద పునాదిలో ఉన్న ఆ మూడు వరుసల మీదుగా పోతున్నానని ఒళ్లు బిగబట్టుకొని కూర్చునేవాణ్ణి. పక్కనున్నవాళ్లు బస్సంటే పడదేమోననుకొని కిటికీ దగ్గర చోటిచ్చేవారు.

అక్కకు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. పెద్దమ్మ పోయిన తర్వాత చెప్పవచ్చులే అనుకున్నాను, అక్క కూతురి పెళ్లి అయ్యాక చెప్పవచ్చులే అనుకున్నాను. ప్రతి ఏడూ ఆమె ఆ రాయికి గాజులు కట్టేది. నా కోసం దిగింది అమ్మ అని పిల్లలకు చెప్పేది. ఆమె చెబుతుంటే నేను అక్కడుండి కూడా తల ఊపేవాణ్ణి. తల ఊపడంలో నాకు మొదటినుంచీ అనుభవం ఉన్నది.

చివరి సంవత్సరం, చూపు మందగించిన తర్వాత, నన్ను పిలిపించి వంకగట్టుకు తీసుకుపొమ్మన్నది. ఆ గురువారం పుట్టిన ఆడపిల్ల కూతురికి అప్పుడు నెలలు నిండాయి. అక్క రాతి దగ్గర కూర్చొని, ఎత్తిన ఆ చెయ్యిని వేళ్లతో తడుముతూ ఉండి, నెమ్మదిగా అడిగింది.

"ఒరేయ్, నాకు కనపడదు గదా. ఒకసారి చూడు. మల్లా ఏమన్నా కుంగిందా అమ్మ?"

ఆ వయసులో, ఆ ఎండలో, నాకు మళ్లీ అదే చల్లటి చెమట పట్టింది. ఇప్పుడే చెప్పాలి, ఇంక వేళ లేదు అనుకున్నాను. ఆమె ముఖం చూశాను. వంగి, రాతి పక్కన చెయ్యి ఆనించి కొలిచినట్టు చేశాను.

"కుంగిందక్కా. రెండు వేళ్లంత" అన్నాను.

ఆమె ఊపిరి వదిలి నవ్వింది. ఆ చలికాలం దాటకముందే పోయింది.

ఆమె మనవరాలికి కర్నూలు పెద్దాసుపత్రిలో, ముందే అనుకున్న రోజున, అనుకున్న గంటకు, కడుపు కోసి బిడ్డను తీశారు. అందరం బయట కుర్చీల్లో కూర్చున్నాం. ఒకరు ఫోను చూసుకుంటున్నారు, ఒకరు కాఫీకి పోయారు. మంచిదే, ఎవరూ అరవలేదు, ఎవరూ చావలేదు. నేను అందుకు సంతోషించే వాళ్లలో ముందు నిలబడతాను. కానీ మా అక్క నొప్పులు పడిన ఆ గురువారం నాడు, పరిచయం లేని ఒక రాళ్లు కొట్టే ఆడమనిషి ఇసుకలో కూలబడి, తన ఇంటి కోసమూ మా ఇంటి కోసమూ కలిపి భయపడింది; ఇరవై మంది నవ్వు మాని భయపడ్డారు; మరునాడు ఊరు ఊరంతా ఒక రాయి చుట్టూ చేరి, గండం గడిచిన భయాన్ని కొబ్బరికాయలు కొట్టి పంచుకున్నది. అట్లా పదిమంది కలిసి ఒకరి ప్రాణం కోసం భయపడటం ఇప్పుడు నాకెక్కడా కనపడదు. భయాలేమీ తగ్గలేదు. ఎవరిది వాళ్లు మోసుకుంటున్నారు, అంతే.